పండగ మర్నాడు

తెలుగులో మిగిలిపోయిన తిండికి ఒక్క పేరు లేదు. గిన్నెలో ఎవరూ ముట్టుకోకుండా ఉండిపోతే అది మిగులు. రాత్రి దాటితే చద్ది. విస్తట్లోంచి వస్తే ఎంగిలి. దేవుడి ముందు పెట్టి వెనక్కి తెచ్చుకుంటే ప్రసాదం. అన్నం అదే, పొద్దున్న ఒకే ఎసట్లో ఉడికిందే. దాన్ని ఎవరు ముట్టుకున్నారు, ఎవరి తర్వాత ఎవరు తింటున్నారు అన్నదాన్ని బట్టి పేరు మారిపోతుంది. పేరుతోపాటు తినేవాడి హోదా కూడా మారుతుంది. సంక్రాంతి గురించి, దాని ముగ్గుల గురించి, గొబ్బెమ్మల గురించి, అరిసెల పాకం గురించి మన పత్రికలు ఏటా రాస్తూనే ఉంటాయి. పండగ మర్నాటి గురించి రాసినవాళ్లు నేను చదివినంతలో తక్కువ. నాకేమో పండగ అసలు చరిత్ర ఆ మర్నాటి గిన్నెల్లోనే దొరుకుతుందనిపిస్తుంది.

ముందు మాట సంగతి చూద్దాం. చలి అన్న మాటలోంచి చలిది వచ్చింది, అదే చల్ది అయింది, చద్ది అయింది. రాయలసీమలో, తెలంగాణలో సద్ది. చల్లబడిన అన్నమని మొదటి అర్థం. రాత్రి నిల్వ ఉన్నది అన్న అర్థం దానికి తోడైంది. పొలానికో ప్రయాణానికో మూట కట్టుకునే తిండి కూడా ఆ పేరుతోనే పోయింది. ‘పెద్దల మాట చద్దిమూట’ అన్నప్పుడు పాచి వాసన ఎవరికీ తట్టదు. దారిలో ఆకలేస్తే ఆదుకునేది ఒకటి చేతిలో ఉందన్న భరోసాయే వినిపిస్తుంది. గడియారాలు లేని రోజుల్లో చద్దివేళ అంటే ఒక సమయం, పొద్దు కాస్త పైకెక్కి పనివాళ్లు మొదటిసారి కూర్చునే వేళ. నిల్వ అన్నం పేరు మీద రోజులో ఒక వేళనే పెట్టుకున్నారంటే, దాన్ని ఏదో గతిలేక తిన్నారని అనుకోడానికి లేదు.

ఈ చద్దికి సాహిత్యంలో పెద్దపీట వేసినవాడు పోతన. భాగవతం దశమస్కంధంలో కృష్ణుడు గోపబాలురతో కలిసి యమున ఒడ్డున కూర్చుని చల్దులు తినే ఘట్టం తెలుగువాళ్లలో చాలామందికి కంఠతా వచ్చు. మీగడపెరుగు కలిపిన ముద్ద ఎడమచేతిలో, వేళ్ల సందుల్లో ఊరగాయ ముక్కలు. సంస్కృత భాగవతమూ ఇంచుమించు ఇదే చెబుతుంది, కాకపోతే అక్కడ వేళ్ల మధ్య ఉన్నవి ఫలాలు. అవి పదిహేనో శతాబ్దపు తెలుగులోకి వచ్చేసరికి ఊరగాయలయ్యాయి. పెరుగన్నంలో మామిడిపండు మనకీ అలవాటే, అయినా చల్దిలోకి వచ్చేసరికి ఊరగాయే కావాలి. ‘చద్దికంటే ఊరగాయ ఘనం’ అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఆ ఘట్టంలో ఒక పిల్లవాడు పక్కవాడి కంచంలోది లాక్కుని మింగేసి, ఏదీ, ఏమీ లేదు చూడు అని నోరు తెరిచి చూపిస్తాడు. ఇళ్లలో పండగ మర్నాడు పిల్లలు చేసే పని అచ్చంగా అదే. యజ్ఞాల్లో హవిస్సు అందుకోవలసిన దేవుడు ఈ పిల్లల మధ్య కూర్చుని చల్ది తింటుంటే పైనుంచి దేవతలు ఆశ్చర్యపోయారట. ఎందుకంత ఆశ్చర్యం? పశువుల కాపర్లతో తిన్నందుకు కొంత. నిల్వ అన్నం తిన్నందుకు, ఎంగిలి కలిసినందుకు కూడా కొంత అయి ఉంటుందని నా ఊహ.

ఎందుకంటే శాస్త్రాలకి నిల్వ తిండి గిట్టదు. దానికి సంస్కృతంలో పర్యుషితం అని పేరు. భగవద్గీత పదిహేడో అధ్యాయం దాన్ని తామసులకి ఇష్టమైన ఆహారాల్లో వేసింది. తెలుగు బ్రాహ్మణుల్లో చాలామంది ఏ సూత్రం వాళ్లమని చెప్పుకుంటారో ఆ ఆపస్తంబ ధర్మసూత్రం, రాత్రి నిల్వ ఉన్న వండిన తిండి కూడదంటుంది, పులిసినదీ కూడదంటుంది. అని, వెంటనే మినహాయింపులు మొదలుపెడుతుంది: అటుకులు, పేలపిండి, కూరలు, మాంసం, పిండివంటలు, పాలతో చేసినవి. మనుస్మృతి అయిదో అధ్యాయం ఇంకా సూటిగా, నెయ్యో నూనో తగిలినది నిల్వ ఉన్నా తినొచ్చంటుంది. యవలతో, గోధుమలతో, పాలతో చేసినవాటికి ఆ జిడ్డు కూడా అక్కర్లేదు. ఈ జాబితాలు చదువుతుంటే, నిషేధం రాసినవాడి వెనక వంటింటి గుమ్మంలో ఎవరో నిలబడి ‘మరి నిన్నటి అప్పాలేం చెయ్యమంటారు?’ అని అడుగుతున్నట్టుంటుంది.

తెలుగింటి పండగ వంట ఆ ప్రశ్నకి చాలా కాలంగా సమాధానం చెబుతూనే ఉంది. ఒకసారి పండగ వంటకాల్ని వరసగా తలుచుకోండి. అరిసెలు, సకినాలు, జంతికలు, బూరెలు, గారెలు అన్నీ నూనెలోనో నేతిలోనో తేలినవే. పులిహోరలో చింతపండు, నూనె, పసుపు. బొబ్బట్టుకి నెయ్యి. గుమ్మడికాయ ముక్కలేసిన దప్పళం మొదటిరోజు కంటే రెండోరోజే దారికొస్తుంది, ముక్కకి పులుపు పట్టాలి మరి. చేపల పులుసు విషయంలో ఇక వాదనే లేదు. మిగిలిన గారెల్ని మర్నాడు తాలింపు పెట్టిన పెరుగులో వేస్తే ఆవడలు. నిన్నటి అన్నంలో పాలు పోసి తోడు వేసి పెడితే తెల్లారేసరికి తోడన్నం. ఇవేవీ పొరపాటున మిగిలిపోయిన వాటితో సర్దుకుపోవడం కోసం పుట్టిన వంటలు కావు. మిగలడానికే వండారు. పులిహోర గుండిగెడు కలిపేవాళ్లకి అది ఒక్కపూటలో అవదని తెలియదా?

అయితే ఈ లెక్క అన్ని చోట్లా ఒక్కలా లేదు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఆ నీళ్లు పారిన డెల్టాలో వరి రోజువారీ తిండి అయింది, చద్దన్నమూ రోజువారీదే అయింది. మెట్ట ప్రాంతాల సంగతి వేరు. రాయలసీమలో, తెలంగాణలో ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం దాకా మామూలు ఇళ్లలో జొన్న, సజ్జ, కొర్ర, రాగి. అక్కడ సద్ది అంటే రాత్రి సంగటి ముద్ద మీద పోసిన మజ్జిగ, లేదా నిన్నటి జొన్నరొట్టె. తెల్లన్నం పండక్కే. అలాంటి ఇంట్లో పండగ మర్నాడు గిన్నె అడుగున వరన్నం మిగిలి ఉండటమంటే పండగ ఇంకా అయిపోలేదని అర్థం. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం పథకం వచ్చాక ఆ తేడా చెరిగిపోవడం మొదలైంది. వరన్నం రోజూ దొరికింది, మంచిదే. దాంతోపాటు మిగిలిన అన్నం మీద మమకారమూ తగ్గింది.

ఇక కనుమ. ‘కనుమనాడు కాకైనా కదలదు’ అంటారు. ఆ రోజు ప్రయాణాలు చెయ్యకూడదన్న నియమానికి రకరకాల కారణాలు చెబుతారుగానీ నాకు తోచిన కారణం సాదాసీదాది. కనుమ పశువుల పండగ. ఎద్దులకి స్నానాలు చేయించి, కొమ్ములకి రంగులేసి, మెడలో గంటలు కట్టి, ఆ రోజు కాడి మోపరు. ఎద్దు కదలకపోతే బండి కదలదు, బండి కదలకపోతే పుట్టింటికొచ్చిన ఆడపిల్ల కదలదు, అల్లుడూ కదలడు. అలా ఇంటినిండా జనం, చేసేందుకు పనిలేక, తినడానికి నిన్నటివన్నీ ఉండగా చిక్కుబడిపోతారు. కుటుంబమంతా తీరిగ్గా ఒకచోట కూర్చునే రోజుని ఎవరూ ఏర్పాటు చేసినట్టు కనపడకుండా ఏర్పాటు చేసిన పద్ధతి ఇది.

ఆ తీరిక అందరికంటే ఎక్కువ ఎవరికి కావాలో చెప్పక్కర్లేదు. మనుస్మృతి మూడో అధ్యాయం ప్రకారం అతిథులూ, ఇంటివాళ్లూ, పనివాళ్లూ కూడా తిన్నాక, మిగిలింది దంపతులు తినాలి. అలా మిగిలినదానికి విఘసం అని గౌరవమైన పేరు కూడా పెట్టారు. శాస్త్రం మొగుణ్ణీ పెళ్లాన్నీ ఇద్దర్నీ ఆఖరి పంక్తికి పంపింది. ఇళ్లు మాత్రం ఆయన్ని మొదటి పంక్తిలో, పీటేసి కూర్చోబెట్టి, ఆవిణ్ణొక్కదాన్నే ఆఖర్న ఉంచాయి. కొన్ని ఇళ్లలో ఆయన తిన్న విస్తట్లోనే ఆవిడ తినాలి. పండగరోజు మధ్యాహ్నం మూడింటికో నాలుగింటికో ఆడవాళ్లు కూర్చునే సమయానికి పాయసం గిన్నెలో గరిటె గీరిన చప్పుడే మిగిలేది. పైగా సామెతలు: ‘చద్దికూడు తిన్నమ్మ మొగుడి ఆకలెరగదు’. పొద్దున్నే నాలుగు మెతుకులు తిన్న పాపానికి ఆవిడ మీద జీవితకాలపు అభియోగం. ఈ సామెతని ఇంకోవైపు నుంచి చూస్తే, ఇంట్లో అందరికంటే ముందు, ఎవరి అనుమతీ లేకుండా ఆడమనిషి తినగలిగింది చద్దిఅన్నం ఒక్కటేనన్న సాక్ష్యం అందులో దాగి ఉంది.

అందుకే కనుమ మధ్యాహ్నం నాకు ముఖ్యం. పశ్చిమ గోదావరిలో మా అమ్మమ్మగారింట్లో నేను చూసింది చెబుతాను. మగవాళ్లు కోడిపందాలకో, పేకాటకో, ఊళ్లో పెత్తనాలకో పోయేవాళ్లు. పొయ్యి మీద కాఫీకి తప్ప నిప్పు ఉండేది కాదు. పెద్ద ఇత్తడి బేసిన్లో నిన్నటి అన్నం వేసి, ఒక వారగా ఆవకాయ, ఇంకో వారగా పెరుగు. అమ్మమ్మ మధ్యలో కూర్చుని కలిపేది. చుట్టూ పెద్దమ్మలు, పిన్నులు, అత్తయ్యలు, మేమందరం అరచేతులు చాపుకుని. ముద్ద చేతిలో పడటం, అది నోట్లోకి పోయేలోపు మళ్లీ చెయ్యి చాపడం. ఇందులో ఒక సంగతి చాలా ఏళ్ల తర్వాత గాని నేను గమనించలేదు. కలిపే చెయ్యి ఎవరి నోటికీ తగలదు, తినే చెయ్యి బేసిన్‌కి తగలదు. పదిమంది ఒకే గిన్నెలోది తింటున్నా ఎవరిదీ ఎవరికీ ఎంగిలి కాదు. నియమం ఉల్లంఘించకుండానే దగ్గరితనాన్ని దొంగిలించారు వాళ్లు. అమ్మమ్మ ఆఖర్న తన కోసం ఊరగాయ గిన్నె అడుగున నూనెలో కాస్త అన్నం తుడిచి తినేది. ఆ రోజు ఆవిడ ఆఖర్న తినడానికీ, ముందురోజు ఆఖర్న తినడానికీ చాలా తేడా ఉంది. కనుమనాడు ఆవిడ తినేటప్పుడు అందరూ అక్కడే కూర్చుని ఉన్నారు.

అందరి ఇళ్లలోనూ ఇలాగే ఉండేదని చెప్పడం లేదు. మాంసం తినే ఇళ్లలో కనుమే అసలు వంటరోజు. మినుము తినాలి కాబట్టి గారెలు, అందులోకి నాటుకోడి పులుసు. అక్కడ ఆడవాళ్ల తీరిక ముక్కనుమకి జరుగుతుంది, కొన్నిచోట్ల ముక్కనుమనాడూ మాంసమే కాబట్టి ఎక్కడికీ జరగదు.

తెలంగాణలో ఈ సద్దిని ఆడవాళ్లు ఏకంగా పండగ పేరు చేసేశారు. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఒక్కో తిండి పేరు మోస్తాయి: అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యం, అట్ల, వెన్నముద్దల. మధ్యలో ఒకరోజు బతుకమ్మ అలుగుతుంది, ఆ రోజు నైవేద్యం లేదు. మొదటిది ఎంగిలిపూల బతుకమ్మ, పెతరమాసనాడు. ముందురోజు కోసి రాత్రంతా నీళ్లలో ఉంచిన పూలు కాబట్టి ఎంగిలిపూలని కొందరు, తిన్నాక పేరుస్తారు కాబట్టి అని కొందరు అంటారు. ఏది నిజమైనా, నిల్వనీ ఎంగిలినీ మైలగా కాకుండా పండగ మొదలుగా పెట్టుకున్న ధైర్యం నాకు ఇష్టం. చివరిది సద్దుల బతుకమ్మ. పెరుగు సద్ది, చింతపండు పులుసు సద్ది, నిమ్మకాయ సద్ది, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది కట్టుకుని, రొట్టె నలిపి బెల్లం కలిపిన మలీద పట్టుకుని చెరువుగట్టుకి పోతారు. ఆడి, పాడి, బతుకమ్మని నీళ్లలో వదిలాక అక్కడే కూర్చుని ఒకరి సద్ది ఒకరికి పంచుకుంటారు. ఆ సద్దులన్నీ అదే రోజు వండినవి, నిల్వవి కావు. అయినా పేరు సద్దే. ఇల్లు వదిలి బయట కూర్చుని, ఎవరికీ వడ్డించే పని లేకుండా తినే తిండికి అంతకంటే సరైన పేరు వాళ్లకి దొరకలేదేమో. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండగ అయింది. సభల్లో, ఫ్లెక్సీల్లో పూల ఎత్తు గురించి వినిపించినంతగా సద్దుల గురించి వినపడదు.

ఇంతవరకూ చెప్పింది వంటింటి లోపలి కథ. దొడ్డిగుమ్మం దగ్గర ఇంకో కథ నడిచేది. అదే పులిహోర, అదే దప్పళం, ఇంకో చేతిలో పడితే ఏమయ్యేదన్నది చెప్పకుండా చద్ది మాధుర్యం గురించి ఎంత రాసినా అది సగం చరిత్రే.

ఊళ్లో బట్టలుతికేవాళ్లకి, క్షవరం చేసేవాళ్లకి, పాలేర్లకి జీతం ఏడాదికోసారి కొలిచే గింజల్లో ఉండేది. అది కాక పూటపూటా వండిన తిండి. మాపటివేళ చాకలామె సత్తుగిన్నె పట్టుకుని ఇంటింటికీ వచ్చేది. పండగలకి ఆ గిన్నె పెద్దదయ్యేది. ఒక ఇంట్లో వేసిన అన్నం మీద ఇంకో ఇంటి పప్పు, దాని మీద మూడో ఇంటి పాయసం. గరిటె గిన్నెకి తగలకుండా పైనుంచి వేయడం నాకు బాగా గుర్తుంది. మా ఇంట్లో కనుమ మధ్యాహ్నం ‘నిన్నటి పులిహోర’ అని లొట్టలేసుకుంటూ తిన్నది ఆవిడ ఇంట్లో ఏ పేరుతో తిన్నారో మేం ఎప్పుడూ అడగలేదు. ఆవిడకది చేసిన పనికి రావలసిన కూలి. ఇచ్చేవాళ్లు మాత్రం దానమన్నట్టే ఇచ్చారు. కూలిని దానంగా మార్చడానికి మిగిలిన తిండిని మించిన సాధనం లేదు. డబ్బయితే లెక్క చూడాలి, గింజలైతే కొలవాలి. మిగిలిన దప్పళానికి కొలతేముంది?

పనివాళ్లు కూడా తిన్నాకే దంపతులు తినాలన్న మనుస్మృతే, పదో అధ్యాయానికొచ్చేసరికి సేవచేసే శూద్రుడికి ఎంగిలి అన్నం, పాతబట్టలు, తాలు గింజలు ఇవ్వమంటుంది. మూడో అధ్యాయంలో విఘసం, పదో అధ్యాయంలో ఉచ్ఛిష్టం. అథర్వవేదంలో ఈ ఉచ్ఛిష్టం మీద ఒక సూక్తమే ఉంది. యజ్ఞంలో మిగిలినదాని మీద లోకాలన్నీ నిలబడి ఉన్నాయని అది పొగుడుతుంది. మిగిలినదానికి అంత మహత్తు ఆపాదించిన సంప్రదాయం, అది ఎవరి చేతికి పోతుందన్న దగ్గర మాత్రం ఇంత కచ్చితంగా గీత గీసుకుంది.

ఆ గీతకి అవతలివైపు నుంచి వచ్చిన గట్టి పుస్తకం హిందీలో ఉంది. ఓంప్రకాశ్ వాల్మీకి ఆత్మకథ, 1997లో వచ్చింది. పేరే ‘జూఠన్’, అంటే ఎంగిలి. ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లాలోని ఊళ్లో పెళ్లిళ్లప్పుడు వాళ్ల కుటుంబాలు పంక్తులు లేచేదాకా బయట కాచుకుని, ఎంగిలి విస్తళ్లు బుట్టల్లో ఎత్తుకునేవారు. వాటిలోంచి పూరీ ముక్కలు ఏరి, మంచం మీద ఎండబెట్టి, దాచి, వానాకాలంలో పనుల్లేని రోజుల్లో నానబెట్టి ఉడికించుకుని తినేవాళ్లట. నేనీ వ్యాసంలో ఇందాక మెచ్చుకున్న నైపుణ్యమే ఇది కూడా. మిగిలినదాన్ని నిల్వ చెయ్యడం, మళ్లీ తిండిగా మార్చడం. మా ఇంట్లో అది ఆవడలైంది, అక్కడ అది ఆకలి నుంచి ప్రాణం కాపాడుకోవడమైంది. ఒక పెళ్లిలో పిల్లల కోసం విస్తట్లో కాస్త మంచి తిండి పెట్టమని వాల్మీకి తల్లి అడిగితే, ఇంటి యజమాని బుట్టెడు ఎంగిలి తీసుకుపోతున్నది చాలక ఇంకా అడుగుతున్నావా అని అవమానిస్తాడు. ఆవిడ ఆ బుట్టని అక్కడే బోర్లించి వెళ్లిపోతుంది. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. 1927 మార్చిలో మహాడ్‌లో అంబేడ్కర్ తన వాళ్లని అడిగినవాటిలో ఇదీ ఒకటి, పారేసిన తిండి ఇక తినవద్దని.

మా ఊళ్లో బుట్ట బోర్లించిన ఘట్టమేదీ నాకు తెలియదు. చాకలామె కూతురు చదువుకుని పక్క ఊళ్లో టైలరింగ్ పెట్టుకున్నాక గిన్నె రావడం ఆగిపోయింది, అంతే. ఆ తర్వాత కొన్నేళ్లపాటు ప్రతి పండక్కీ మా ఇంట్లో వినిపించిన మాట ఒకటుంది: ‘ఈ రోజుల్లో పిలిచి పెట్టినా తీసుకునేవాళ్లు లేరు.’ అనేవాళ్లకి అది కలికాలం గురించి ఫిర్యాదు. నాకిప్పుడది ఊళ్లో జరిగిన మంచిమార్పు తాలూకు రికార్డులా వినిపిస్తుంది. ఏ పుస్తకంలోనూ తారీఖు వేసి రాయని చరిత్ర ఇలా ఫిర్యాదుల రూపంలోనే మిగులుతుంది.

ఈ గీతలన్నీ చెరిపేసే చోటు కూడా ఒకటుంది, మనకి పొరుగునే. పూరీ జగన్నాథుడి మహాప్రసాదానికి ఎంగిలి దోషం లేదని నమ్మకం. ఒకే కుండలోంచి ఎవరెవరో కలిసి తింటారు. అక్కణ్ణుంచే మనకి ‘సర్వం జగన్నాథం’ అన్న మాట వచ్చింది. దాన్ని తెలుగులో మనమెలా వాడుతున్నామో గమనించండి. అంతా కలగాపులగమైపోయింది, పద్ధతీ పాడూ లేకుండా పోయిందన్నప్పుడు వాడతాం.

గిన్నె రావడం ఆగాక మిగిలింది ఎక్కడికి పోవాలి? అప్పటికి సరిగ్గా ఫ్రిజ్ వచ్చింది. మన దేశంలో గోద్రెజ్ కంపెనీ 1958లో ఫ్రిజ్‌ల తయారీ మొదలుపెట్టినా మధ్యతరగతి తెలుగిళ్లలోకి అది రావడానికి ఇంకో పాతికేళ్లు, చాలా ఇళ్లకి నలభై ఏళ్లు పట్టింది. అంతకుముందు సాయంత్రానికల్లా తేల్చుకోవాల్సి వచ్చేది: ఏది ఉంచాలి, ఏది పంచాలి, ఏది పశువుల కుడితిలోకి. ఉట్టి మీద పెట్టొచ్చు, తడిగుడ్డ చుట్టొచ్చు, అన్నంలో నీళ్లో మజ్జిగో పోయొచ్చు, అంతకుమించి గడువు లేదు. ఫ్రిజ్ ఆ గడువుని ఎత్తేసింది. పండగ పులుసు వారం దాకా ఉంటుంది, పంచడం గురించి ఆలోచించక్కర్లేదు. అన్నం నిజంగానే చల్లబడింది, అంటే మాట పుట్టుక ప్రకారం చూస్తే ఇప్పుడే అది అచ్చమైన చలిది. కానీ ఆ చలిలో పులియదు, పులియనిది చద్దన్నం కాదు. గింజ గట్టిపడి, మైక్రోవేవ్‌లో మళ్లీ వేడెక్కి, వేడన్నానికి నకలుగా కంచంలోకి వస్తుంది.

ఈమధ్య నగరాల్లో చద్దన్నం మట్టిముంతల్లో, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ అలంకారంతో హోటళ్లకి ఎక్కింది. దాని ఆరోగ్య మహిమల మీద ఫోన్లలో తిరిగే సందేశాలకి లెక్కలేదు. నాకు అందులో పెద్ద ఆసక్తి లేదుగానీ ఒకటి మాత్రం చెప్పాలి. ఉడికిన అన్నాన్ని ఊరికే వంటగది గట్టు మీద రాత్రంతా వదిలేయడం చద్దన్నం చెయ్యడం కాదు. బాసిలస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడుకుకి చావవు, గోరువెచ్చటి అన్నంలో పెరిగి, మళ్లీ వేడిచేసినా పోని విషం తయారుచేస్తాయి. అన్నంలో మజ్జిగ పోసేది పులుపు త్వరగా ఎక్కి అలాంటివాటికి చోటు దొరక్కుండా చెయ్యడానికి. అమ్మమ్మకి ఆ పేర్లు తెలియవు. మజ్జిగ ఎంత పొయ్యాలో, ఎండాకాలం ఎంత తగ్గించాలో తెలుసు.

కాకి కదలని కనుమనాడే ఇప్పుడు హైదరాబాద్ దారి నిండిపోతుంది. సెలవు మర్నాటికి ఉండదు, టోల్‌గేట్ దగ్గర రద్దీ పెరగకముందే దాటాలి. అమెరికాలో అయితే పండగే దగ్గర్లోని శనివారానికి జరుగుతుంది, అది అయిన రాత్రే ఎవరి కార్లలో వాళ్లు, ఒళ్లో ఒక్కో ప్లాస్టిక్ డబ్బాతో. పండగ మర్నాడన్నది డబ్బాల్లోకెళ్లి ఒక్కో ఇంటి ఫ్రిజ్‌లో విడివిడిగా గడుస్తోంది. కనుమ పొద్దున్న మా ఇంట్లో ఆడవాళ్లు ఇప్పుడు చేసే పని మూటలు కట్టడం. అరిసెల డబ్బా డిక్కీలో అడుగున. జంతికలు పైన, నలగకుండా. పులిహోర స్టీలు డబ్బాలో, దారిలో తినడానికి, అచ్చంగా చద్దిమూటే. ఎవరికెన్ని, ఎవరికి తీపి కూడదు, ఎవరి పిల్లలు బూరెలు ముట్టరు, అన్నీ లెక్కలు. అమ్మమ్మ బేసిన్ మా పిన్ని దగ్గరుంది, బియ్యం కడగడానికి వాడుతోంది. పోయినేడు ఇద్దరు మేనకోడళ్లు ఇంకోరోజు సెలవు పెట్టి ఉండిపోయారు. ముక్కనుమ మధ్యాహ్నం వాళ్లే అన్నం కలిపి పిన్నిని కూర్చోమన్నారు. ఆవకాయ కాస్త ఎక్కువైంది.